పది గుర్రాల తేడా

మోటారుకారు గొప్పతనాన్ని గురించి మాట వచ్చినప్పుడు ముందుగా వినబడే అంకె అశ్వశక్తి. ఒక కారు 500 అశ్వశక్తి కలదనీ, మరొకటి 510 కలదనీ చెబితే, రెండవదే మేలైనదని వినేవారు వెంటనే నిశ్చయించుకుంటారు. ఆ పది గుర్రాల కోసం మరింత ధర పెట్టడానికి సిద్ధపడేవారూ ఉన్నారు. కాని ఆ తేడా రోడ్డు మీద ఎంతవరకు కనబడుతుంది? అసలు ఆ అంకెను ఎవరు, ఎట్లా కొలిచారు?

2005వ సంవత్సరంలో అమెరికాలో ఒక వింత జరిగింది. హోండా కంపెనీ అక్కడ అక్యూరా ఆర్.ఎల్. అనే పేరుతో అమ్ముతున్న ఖరీదైన కారుకు మొదట 300 అశ్వశక్తి అని ప్రకటించింది. 2006వ సంవత్సరపు నమూనాకు అదే ఇంజను ఉన్నా, పత్రాలలో 290 అని మాత్రమే వేసింది. ఇంజనులో మార్పు లేదు. కారు నడక తగ్గలేదు. మరి ఆ పది గుర్రాలు ఏమైనట్లు? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే అశ్వశక్తి పుట్టుక దగ్గరనుంచి మొదలుపెట్టాలి.

గానుగ గుర్రం నుంచి కారు వరకు

18వ శతాబ్దపు చివరి భాగంలో జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్ కలిసి ఇంగ్లండులో ఆవిరియంత్రాల వ్యాపారం చేసేవారు. గనులలో నీరు తోడడానికి అంతకుముందు న్యూకొమెన్ యంత్రాలు వాడుకలో ఉండేవి. వాట్ యంత్రం వాటికంటె తక్కువ బొగ్గుతో పని చేసేది. మిగిలిన బొగ్గు ఖరీదులో మూడవ వంతు తమకు ఇవ్వాలని వారు గనుల యజమానులతో ఒప్పందం చేసుకునేవారు. కాని పిండిమరలను, సారాయి బట్టీలను నడిపేవారికి యంత్రమే లేదు. వారు గుర్రాలతో పని జరుపుకునేవారు. అక్కడ బొగ్గు లెక్క పనికిరాదు. "మా యంత్రం ఇన్ని గుర్రాలకు సమానం" అని చెబితేనే వారికి బోధపడుతుంది.

అందుచేత వాట్ 1780 తరువాతి సంవత్సరాలలో గుర్రం చేసే పనిని లెక్క గట్టాడు. 24 అడుగుల వ్యాసం గల వలయంలో తిరుగుతూ మరను తిప్పే గుర్రం గంటకు 144 చుట్లు తిరుగుతుందనీ, 180 పౌన్ల బలంతో లాగుతుందనీ తీసుకున్నాడు. లెక్క వేస్తే నిమిషానికి సుమారు 32,600 అడుగు-పౌన్ల పని అవుతుంది. దానిని సరిచేసి 33,000 అని స్థిరపరిచాడు. ఇదే ఒక అశ్వశక్తి. సాధారణమైన గుర్రం రోజు పొడుగునా ఇంత పని చేయలేదని తరువాత తేలింది. అయినా కొనేవానికి నష్టం లేదు. చెప్పినదానికంటె యంత్రం ఎక్కువ గుర్రాల పనే చేసేది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది: అశ్వశక్తి అనేది బలం కాదు, వేగమూ కాదు, పని జరిగే రేటు. భౌతికశాస్త్రంలో దీనినే సామర్థ్యం అంటారు. రెండవది: ఈ అంకె పుట్టుకలోనే బేరం ఉన్నది. అది ప్రయోగశాల కోసం పుట్టలేదు. అమ్మకం కోసం పుట్టింది.

అటుపిమ్మట మెట్రిక్ కొలతలు వాడే జర్మనీ మొదలైన దేశాలు తమకు అనుకూలమైన మరొక గుర్రాన్ని ఏర్పరచుకున్నాయి. 75 కిలోగ్రాముల బరువును సెకండుకు ఒక మీటరు ఎత్తగలిగితే అది ఒక మెట్రిక్ అశ్వశక్తి. వాట్ గుర్రం 745.7 వాట్లు అయితే, ఈ గుర్రం 735.5 వాట్లు మాత్రమే. తేడా నూటికి ఒకటిన్నర కంటె తక్కువ. చిన్నదే అయినా పెద్ద అంకెల దగ్గర అది బయటపడుతుంది. 2004లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ వెలువరించిన ఎం5 కారుకు జర్మనీలో 507 అశ్వశక్తి. అదే కారు అమెరికాకు చేరేసరికి 500 అయింది. సముద్రం దాటడంలో ఏడు గుర్రాలు తగ్గినట్లు కనబడినా, ఇంజను మటుకు ఒక్కటే.

పందెపుకారు ఇంజను, పెద్దమనిషి కారు

నాలుగు తలుపులతో, నలుగురైదుగురు సుఖంగా కూర్చునే వీలు గల మూసిన కారును సెడాన్ అంటారు. దానికి పందెపుకారుకు తగిన ఇంజనును అమర్చితే స్పోర్ట్స్ సెడాన్ అవుతుంది. ఈ జాతికి పేరు తెచ్చినవాటిలో 1959లో ఇంగ్లండులో జాగ్వార్ కంపెనీ తయారుచేసిన మార్క్ 2 ఒకటి. దానిని వేర్వేరు ఇంజనులతో అమ్మారు. 3.4 లీటర్ల ఇంజనుకు 210 అశ్వశక్తి అనీ, 3.8 లీటర్ల ఇంజనుకు 220 అనీ ప్రకటించారు. పైకి చూస్తే తేడా పది గుర్రాలే. అంటే నూటికి సుమారు అయిదు.

కాని 3.8 లీటర్ల కారు మరింత చురుకైనదని నడిపినవారికి తెలిసేది. దీనికి కారణం అశ్వశక్తి అంకెలో లేదు. ఆ అంకె ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరిగేటప్పటి మాట. నడిపేవాడు ఆ స్థితికి చేరేది ఎప్పుడో ఒకసారి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఇరుసును మెలితిప్పే బలాన్ని, అంటే టార్కును, చూడాలి. అది చిన్న ఇంజనుకు 215 పౌను-అడుగులు, పెద్దదానికి 240. ఇక్కడ తేడా నూటికి పదకొండుకు పైగా ఉన్నది. పైగా పెద్ద ఇంజను కారుకు, ఒక వెనుకచక్రం జారినప్పుడు రెండవ చక్రానికి బలాన్ని మళ్లించే ఏర్పాటు కూడా చేశారు. పది గుర్రాల వెనుక నిజానికి ఇంత సరంజామా దాగి ఉన్నది.

ఇంగ్లండులో మొదలైన ఈ పోటీకి జర్మనీ 1968లో గట్టి జవాబు చెప్పింది. మెర్సిడెస్-బెంజ్ కంపెనీ తన పెద్ద కారులో వాడే 6.3 లీటర్ల ఇంజనును అంతకంటె చిన్నదైన సెడాన్‌లో పెట్టి 300 ఎస్.ఇ.ఎల్. 6.3 అనే కారును తయారుచేసింది. నిశ్చల స్థితినుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి 6.5 సెకండ్లు పట్టేది. జర్మనీ కొలత ప్రకారం దాని సామర్థ్యం 250 అశ్వశక్తి. అమెరికాలో మాత్రం 300 అని ప్రకటించారు.

ఈ 50 గుర్రాల తేడా గుర్రం నిర్వచనంలోని తేడా వల్ల వచ్చింది కాదు. ఆ రోజులలో అమెరికాలో ఇంజనును ఒంటరిగా బల్లమీద బిగించి, ఫ్యాను, విద్యుత్తు పుట్టించే యంత్రం, కారుకు వాడే సైలెన్సరు మొదలైనవి లేకుండా కొలిచేవారు. ఇది స్థూల అశ్వశక్తి. జర్మనీలో అవన్నీ తగిలించి, కారులో ఉన్నట్లే ఉంచి కొలిచేవారు. ఇది నికర అశ్వశక్తి. 1972వ సంవత్సరపు నమూనాలనుంచి అమెరికా కంపెనీలు కూడా నికర అంకెలనే ప్రకటించసాగాయి. ఆ ఏడు పత్రాలలో అంకెలు ఒక్కసారిగా పడిపోవడం చూసి ఇంజనులు బలహీనమైనాయని అనుకున్నవారు ఉన్నారు. తగ్గినదానిలో పెద్ద భాగం కొలిచే పద్ధతి మారడం వల్లనే తగ్గింది.

లెక్క ఏమి చెబుతుంది?

ఇప్పుడు కొలతలను పక్కనపెట్టి, నిజంగానే 500 అశ్వశక్తి గల కారుకు మరొక పది అశ్వశక్తి చేర్చినామనుకుందాం. కారు బరువు 1,900 కిలోగ్రాములు. ఏమి జరుగుతుంది?

మొదట గరిష్ఠ వేగం సంగతి. మహావేగంతో పోయే కారు తన సామర్థ్యంలో అధిక భాగాన్ని గాలిని తోసుకుపోవడానికే ఖర్చు చేస్తుంది. వాయునిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం గనుక, అవసరమైన సామర్థ్యం వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే సామర్థ్యం ఎనిమిది రెట్లు కావాలి. ఇదే లెక్కను తిరగవేస్తే, సామర్థ్యం నూటికి రెండు పెరిగినప్పుడు వేగం నూటికి మూడింట రెండు వంతులు మాత్రమే పెరుగుతుంది. గంటకు 300 కిలోమీటర్లు పోయే కారు 302 పోతుంది. అదైనా పోనిస్తేనే. 1980 తరువాతి దశకపు చివరినుంచి జర్మనీ కంపెనీలు పెక్కు తమ కార్ల వేగాన్ని తమంతట తాము 250 కిలోమీటర్ల దగ్గర నిలిపివేశాయి. అటువంటి కారుకు పది గుర్రాలు చేర్చినా గరిష్ఠ వేగంలో తేడా సున్న.

ఇక వేగం అందుకునే కాలం. ఆ కారు 100 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు దాని గతిజశక్తి సుమారు 7,33,000 జౌళ్లు. 500 మెట్రిక్ అశ్వశక్తి అంటే సుమారు 3,68,000 వాట్లు. ఎక్కడా నష్టం లేకుండా మొదటి క్షణంనుంచి సామర్థ్యమంతా వినియోగమైతే ఆ శక్తిని సమకూర్చడానికి 2 సెకండ్లు చాలు. 510 అశ్వశక్తితో 1.95 సెకండ్లు. మిగిలేది సెకండులో నూరవ వంతులు నాలుగు. రెప్పపాటుకు పట్టే కాలం సెకండులో పదవ వంతుకు తక్కువ కాదు. అంటే పది గుర్రాల లాభం రెప్పపాటులో సగం కూడా లేదు.

అయితే ఇటువంటి కార్లకు నిజంగా పట్టేది 2 సెకండ్లు కాదు. మూడు, నాలుగు సెకండ్లు. మిగతా కాలం ఎక్కడ పోతున్నది? దీనికి ముఖ్యకారణం టైరు. ఇంజను ఎంత బలమైనదైనా, రోడ్డును పట్టుకుని వెనుకకు తోసేది టైరే. మంచి టైరుకు పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 1. అంటే నాలుగు చక్రాలూ తోసినా కారు బరువుకు సమానమైన బలం మాత్రమే దొరుకుతుంది; త్వరణం గురుత్వ త్వరణాన్ని, అంటే 9.8ని, దాటదు. ఆ త్వరణంతో 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 2.8 సెకండ్లు పడుతుంది. వెయ్యి గుర్రాలు కట్టినా అంతకంటె తగ్గదు. తగ్గాలంటే టైరు పట్టు పెరగాలి.

సామర్థ్యాన్ని వేగంతో భాగిస్తే తోసే బలం వస్తుంది గదా! గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకండుకు 10 మీటర్ల వేగంలో, 500 అశ్వశక్తి 36,800 న్యూటన్ల బలాన్ని ఇవ్వగలదు. టైర్లు పట్టగలిగేది 18,600 న్యూటన్లు. సగం గుర్రాలు ఊరక నిలబడవలసిందే. వేగం సుమారు 71 కిలోమీటర్లకు చేరినప్పుడు గాని గుర్రాలన్నింటికీ పని దొరకదు. గేర్లలో పోయే నష్టాన్ని ఇక్కడ లెక్కించలేదు. లెక్కించితే ఆ హద్దు కొంత మారుతుంది. వెనుకచక్రాలు మాత్రమే తోసే కారులో ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుంది. అంతవరకు అదనంగా చేర్చిన పది గుర్రాలు చేసే పని టైరును రోడ్డుమీద గిర్రున తిప్పి పొగ పుట్టించడమే.

అంకె కదలలేదు, కారు మారింది

ఈ లెక్క నిజమో కాదో పరీక్షించడానికి జపాన్ చరిత్రలో ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. 1988లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాలలో చనిపోయినవారు 10 వేలకు పైబడ్డారు. ప్రజలలో ఆందోళన కలిగింది. 1989నుంచి అక్కడి కార్ల కంపెనీలు తమలో తాము అంగీకరించి, తమ దేశంలో అమ్మే ఏ కారుకూ 280 మెట్రిక్ అశ్వశక్తికి మించి ప్రకటించడం మానుకున్నాయి. ఈ కట్టుబాటు దాదాపు 15 ఏళ్లు నిలిచింది.

అశ్వశక్తే పనితనానికి ఏకైక కొలబద్ద అయితే, ఆ 15 ఏళ్లలో కార్ల నడక మారకూడదు. జరిగినది వేరు. మిత్సుబిషి కంపెనీ వారి లాన్సర్ ఎవల్యూషన్ అనే సెడాన్ 1996లో నాలుగవ తరంతోనే 280 అంకెను చేరుకున్నది. తరువాత వచ్చిన తరాలకూ పత్రంలో అదే 280. అయితే టార్కు 36 కిలోగ్రాము-మీటర్లనుంచి క్రమంగా 40కి పైబడింది. మూలమలుపులలో ఎడమ, కుడి చక్రాలకు బలాన్ని వేర్వేరుగా పంచే యంత్రాలు మెరుగుపడ్డాయి. ఒక్క గుర్రమైనా చేర్చినట్లు చెప్పకుండానే ఇంజనీర్లు కారును మార్చివేశారు.

2004లో హోండా కంపెనీ లెజెండ్ అనే సెడాన్‌కు 300 అశ్వశక్తి అని ప్రకటించి ఆ హద్దును దాటింది. అమెరికాలో అక్యూరా ఆర్.ఎల్. అనే పేరుతో అమ్మినది ఈ కారునే. జపాన్‌లో 280 గోడను దూకిన గుర్రాలలో పది, ఏడాది గడిచేసరికి అమెరికా పత్రాలలో కనబడకుండా పోయాయన్నమాట.

అశ్వశక్తి పెరిగినా ఫలితం వేరుగా ఉండవచ్చునని చెప్పడానికి బి.ఎం.డబ్ల్యు. ఎం5 చరిత్ర సాక్ష్యం. 1985లో మొదటి ఎం5కు 286 మెట్రిక్ అశ్వశక్తి ఉండేది. 2014లో, 30 ఏళ్ల గుర్తుగా చేసిన ప్రత్యేకమైన ఎం5కు 600. వెనుకచక్రాలు మాత్రమే తోసే ఆ కారుకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 3.9 సెకండ్లు పట్టేదని కంపెనీ ప్రకటించింది. 2017లో వచ్చిన తరువాతి తరానికీ 600 అశ్వశక్తే. కాని దానిలో బలం నాలుగు చక్రాలకూ అందుతుంది, కాలం 3.4 సెకండ్లకు దిగింది. ఒక్క గుర్రం చేరకుండా అర సెకండు కలిసివచ్చింది.

ఆ తరంలోనే 625 అశ్వశక్తి గల రకానికి 3.3 సెకండ్లు; అంటే 25 గుర్రాలకు పదవ వంతు సెకండు. 2021లో వచ్చిన సి.ఎస్. అనే రకానికి 635 అశ్వశక్తి; కాలం 3.0 సెకండ్లు. పది గుర్రాలు మూడు పదవ వంతులు తగ్గించాయా? లెక్క వేసి చూడండి. 635లో 10 అంటే నూటికి ఒకటిన్నర. దాని వల్ల తగ్గదగినది 0.05 సెకండు. ఆ కారు బరువును 70 కిలోగ్రాములు తగ్గించారు. దాని వల్ల మరొక 0.12 సెకండు. మిగతాది టైర్ల పట్టు మొదలైనవాటికి చెందాలి. పేరు మాత్రం గుర్రాలకే దక్కుతుంది.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ 2024లో వచ్చింది. కొత్త ఎం5లో పెట్రోలు ఇంజనుకు తోడుగా విద్యుత్తు మోటారును, పెద్ద బ్యాటరీని అమర్చారు. సామర్థ్యం 727 అశ్వశక్తి. కాని బరువు సుమారు 1,930 కిలోగ్రాములనుంచి సుమారు 2,500కు పెరిగింది. 2017 కారులో ఒక్కొక్క గుర్రం 3.2 కిలోగ్రాములు మోస్తే, ఇందులో ఒక్కొక్కటి 3.4 కిలోగ్రాములకు పైగా మోయాలి. ఫలితంగా 127 గుర్రాలు ఎక్కువైనా, 100 కిలోమీటర్ల వేగానికి ప్రకటించిన కాలం 3.5 సెకండ్లు, పాతదానికంటె పదవ వంతు ఎక్కువ.

పది గుర్రాలు ఏమైనట్లు?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. అమెరికాలో మోటారు ఇంజనీర్ల సంఘం 2004, 2005 సంవత్సరాలలో కొలిచే నియమాలను బిగించింది. ఇంజనుకు తగిలించవలసిన అనుబంధ యంత్రాలు, పోయవలసిన నూనె, వాడవలసిన ఇంధనం మొదలైన విషయాలలో ఉన్న సందులను మూసివేసింది. స్వతంత్రుడైన సాక్షి ఎదుట పరీక్ష జరిగితే ధ్రువీకరించిన అంకెగా గుర్తించే పద్ధతి కూడా పెట్టింది. ఈ కొత్త తూకంలో అక్యూరా పది గుర్రాలు తగ్గింది. అదే తూకంలో కాడిలాక్ కంపెనీ వారి ఎస్.టి.ఎస్.-వి అనే స్పోర్ట్స్ సెడాన్, మొదట 440 అనుకున్నది, 469 తూగింది. గుర్రాలు పోలేదు, రాలేదు, తక్కెడ మారింది.

తక్కెడ ఎంత మంచిదైనా దానికీ ఒక ఓరిమి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 85వది, కంపెనీ ప్రకటించిన గరిష్ఠ సామర్థ్యానికీ పరీక్షలో తేలినదానికీ నూటికి రెండు వరకు తేడాను అంగీకరిస్తుంది. 500లో నూటికి రెండు అంటే సరిగా పది. వాతావరణం సంగతి చూస్తే, గాలి వేడెక్కితే పలచబడి సిలిండరులోకి తక్కువ ప్రాణవాయువు చేరుతుంది. జర్మనీ పాత ప్రమాణంలోని సవరణ సూత్రం ప్రకారం, టర్బో లేని ఇంజను 20 డిగ్రీలనుంచి 40 డిగ్రీల వేడిలోకి వస్తే నూటికి మూడుకు పైగా సామర్థ్యాన్ని కోల్పోతుంది. 400 అశ్వశక్తి ఇంజనులో అది 13 గుర్రాలు. మన వైశాఖమాసపు ఎండ ఒక్క మధ్యాహ్నంలో, పత్రాలలో కంపెనీలు పోటీపడి చేర్చిన గుర్రాలకంటె ఎక్కువ గుర్రాలను మింగగలదు.

అట్లాగని చిన్న తేడాలు ఎల్లప్పుడూ వ్యర్థమని అనుకోరాదు. 286 గుర్రాలనుంచి 727కు చేరినది ఇటువంటి మెట్లు ఎక్కే గదా! ఒక్కొక్క మెట్టు చిన్నదైనా 39 ఏళ్లలో మెట్లన్నీ కలిసి కారు స్వరూపాన్ని మార్చివేశాయి. ఒక మెట్టును చూపి శిఖరం ఎక్కినామని చెప్పడమే తప్పు. పెరిగిన వేగానికి వెల కూడా ఉన్నది. వేగం నూటికి పది పెరిగితే బ్రేకులు మింగవలసిన శక్తి నూటికి 21 పెరుగుతుంది. కారు ఆగడానికి పట్టే దూరం దాదాపు అంతే పెరుగుతుంది. రోడ్డు మీద ప్రాణం కాపాడేది ఇంజను పక్క అంకె కాదు. టైరు పట్టు, బ్రేకు పటుత్వం, నడిపేవాని వివేకం.

2010నుంచి ఐరోపా సమాఖ్యలో సామర్థ్యాన్ని కిలోవాట్లలో చెప్పడం విధి అయింది. అశ్వశక్తిని దాని పక్కన అదనంగా మాత్రమే వేయవచ్చు. అయినా అమ్మేవారూ కొనేవారూ ఇంకా గుర్రాలనే లెక్కపెట్టుకుంటున్నారు. వాట్ పెట్టిన పేరుకు ఉన్న ఆకర్షణ అటువంటిది. అయితే విద్యార్థి ఏ అంకెను విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: దీనిని ఏ కొలతతో కొలిచారు? ఏ పరిస్థితులలో కొలిచారు? కొలతలోని పొరపాటుకంటె ఈ తేడా పెద్దదేనా? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా, పది గుర్రాల తేడాను తేడాగా లెక్కించకపోవడమే శాస్త్రీయమైన పద్ధతి.